సంతకానికి తొందరేం లేదు, చెల్లీ

పెద్దకర్మ అయిపోయి, చుట్టాలంతా ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయాక ఇల్లు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. గ్యాస్ బుక్ చేద్దామంటే నంబరు మీ ఆయన ఫోన్‌లోనే. ఓటీపీలన్నీ దానికే వస్తాయి. ఎవరెంత చెప్పినా ఆ సిమ్ ఇప్పుడే తీసేయకు, రీచార్జ్ చేయిస్తూ ఉండు. అలాగని ఆయన ఏటీఎం కార్డుతో డబ్బు మాత్రం తీయకమ్మా. బ్యాంకుకు విషయం చెప్పి, పద్ధతి ప్రకారమే తీసుకో.

ఏడుపొస్తే ఏడువు. నెలలు గడిచినా తిండి సహించకపోతే, లేదా బతకాలని అనిపించకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళు. అర్ధరాత్రైనా సరే, టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి. తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చుండదు.

బొట్టు సంగతి కూడా అడగాలని నీ మనసులో ఉందని నాకు తెలుసు. అది పెళ్ళితో వచ్చింది కాదు కదా, ఉయ్యాల్లో ఉన్నప్పుడే అమ్మ పెట్టింది. వీరేశలింగం గారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఇన్నేళ్ళ తర్వాత కూడా గాజులు పగలగొట్టే తంతు ఎందుకో నాకు అర్థం కాదు. పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకో.

ఇక కాగితాలు. మరణ ధ్రువపత్రం కాపీలు నాలుగైదు ఎక్కువే తీయించు. అందులో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి, లేకపోతే ఆఫీసుల చుట్టూ తిప్పుతారు. ఆయన పాస్‌బుక్ ప్రింట్ చేయించి మే నెలాఖరు దగ్గర చూడు. 436 రూపాయలు పోయినట్టుంటే అది జీవన్ జ్యోతి బీమా కావచ్చు, 2 లక్షలు వస్తాయి. భర్త చెప్పకపోవడం వల్ల తెలియక ఆ డబ్బు అడగనివాళ్ళున్నారు.

అన్నిటికంటే నాకు భయం వేసేది సంతకాల దగ్గర. "నువ్వెక్కడ తిరుగుతావమ్మా, ఇక్కడో సంతకం పెట్టు చాలు" అని మరిదో బావగారో కాగితం తెస్తారు. ప్రేమతోనే తేవచ్చు. అయినా అది హక్కు విడుదల దస్తావేజు కాదని చదివి తెలుసుకునేదాకా పెన్ను పట్టకు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, ఆయన వీలునామా రాయకపోతే, ఆయన సొంత ఆస్తిలో నీకూ, పిల్లలకూ, బతికుంటే మీ అత్తగారికీ సమాన వాటా. బ్యాంకు డిపాజిట్‌కు నామినీగా ఇంకొకరి పేరున్నా నీ వాటా ఎక్కడికీ పోదు. ఇల్లు అమ్మడం, పొలం పంపకం, కొడుకు దగ్గరికి మారిపోవడం, ఇవేవీ ఏడాది తిరిగేలోగా తేల్చేయక్కర్లేదు.

ఈ వారమే బ్యాంకుకు వెళ్ళు. తోడు కావాలంటే ఎవరినైనా తీసుకెళ్ళు, కానీ కౌంటరు దగ్గర మాట్లాడేది మాత్రం నువ్వే అయ్యుండాలి.