కాలిన ఆర్మేచర్ మళ్లీ తిరిగేదాకా

బల్ల మీదున్నది హాఫ్ ఇంచ్ డ్రిల్. 13 మిల్లీమీటర్ల బిట్టు దాకా పట్టే చక్కు, అల్యూమినియం ఒళ్లు, రెండు చేతులూ అడిగే బరువు. ముంబయి ములుండ్‌లో రాలీవుల్ఫ్ డ్రిల్లులు తయారైన కాలపు పనితనం. స్విచ్చి నొక్కితే గుర్రుమని, కాలిన వాసన కొట్టి ఆగిపోతుంది. పార్టుల కొట్టులో మోడల్ పేరు చెబితే లేదంటారు. పేరుతో దొరకనిది కొలతతో దొరుకుతుంది. బేరింగు మీద నంబరుంటుంది, కార్బన్‌కు పొడవు వెడల్పులుంటాయి, తీగకు గేజి ఉంటుంది, గేరుకు పళ్లుంటాయి. ఈ నాలుగూ రాసుకున్నవాడికి తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఎక్కడైనా పని ముందుకు సాగుతుంది.

వైండింగ్ మేస్త్రి ముందుగా సిరీస్ ల్యాంపు తీస్తాడు. కరెంటు దారిలో 100 వాట్ల బల్బు కలిపి, రెండు తీగ కొసలు బయటికి వదిలిన పరికరమిది. ఒక కొస, మోటారులో తిరిగే తీగచుట్ల భాగమైన ఆర్మేచర్ షాఫ్టుకు, రెండోది కమ్యుటేటర్‌కు ఆనిస్తాడు. షాఫ్టు చివర రాగి రేకులు వలయంగా పేర్చిన భాగమే కమ్యుటేటర్. కార్బన్‌లు రాసుకునేది దాని మీదే. బల్బు వెలిగితే తీగ ఇనుముకు తగిలినట్టే. ‘బాడీ అయింది’ అంటాడు. వెలగకపోతే ఆర్మేచర్‌ను గ్రౌలర్ మీద, అంటే కరెంటిస్తే అయస్కాంతమయ్యే దిమ్మె మీద పెట్టి నెమ్మదిగా తిప్పుతాడు. ఒక్కో గాడి మీద హాక్సా బ్లేడు ఆనిస్తూ పోతుంటే, లోపల చుట్లు కలిసిపోయిన గాడి దగ్గర బ్లేడు గజగజ కొట్టుకుంటుంది. జబ్బు ఎక్కడుందో పది నిమిషాల్లో తేలిపోతుంది.

తీగ జోలికి వెళ్లే ముందు కార్బన్‌లు చూడాలి. ఐదారు మిల్లీమీటర్లకు అరిగితే స్ప్రింగు వాటిని సరిగా నొక్కలేదు; నిప్పురవ్వలు లేచి కమ్యుటేటర్ కాలుతుంది. సరైన సైజు దొరక్కపోతే కాస్త పెద్దది కొని, అద్దంపలక మీద జీరో నంబరు శాండ్‌పేపరు కాగితం పరిచి, నీళ్లు తగలకుండా నాలుగు పక్కలా రుద్దుతారు. గూట్లో వేస్తే సొంత బరువుతో జారాలి, అటూ ఇటూ ఊగకూడదు. ఆ తర్వాత కమ్యుటేటర్ చుట్టూ అదే కాగితం చుట్టి, కార్బన్ మొహానికి ఆ వంపు వచ్చేదాకా తిప్పుతారు. జత ముప్పై నుంచి యాభై రూపాయలు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు: కారు సెల్ఫ్ మోటారు కార్బన్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది. అందులో రాగి పాలు ఎక్కువ, అది 12 వోల్టుల సరుకు. 230 వోల్టుల డ్రిల్‌లో వేస్తే కమ్యుటేటర్ పాడవుతుంది.

బేరింగు పని తేలిక. 608 అని ఉంటే లోపలి రంధ్రం 8, బయటి చుట్టు 22, మందం 7 మిల్లీమీటర్లు. 6201 అయితే 12, 32, 10. ఏ కంపెనీ చేసినా ఇవే కొలతలు. నంబరు చెరిగిపోతే వెర్నియర్‌తో కొలుస్తారు. నంబరు చివర జెడ్‌జెడ్ ఉంటే రెండు పక్కలా ఇనుప మూత, 2ఆర్‌ఎస్ ఉంటే రబ్బరు మూత. సూర్యలంక, నిజాంపట్నం వైపు ఉప్పుగాలిలో తిరిగే మిషన్‌కు రబ్బరు మూతదే వేయాలి. ఇనుప మూత సందుల్లోంచి తేమ చేరి గుండ్లు తుప్పు పడతాయి. పాతదాన్ని పుల్లర్‌తో లాగుతారు. కొత్తదాన్ని లోపలి రింగు మీద ఆనే గొట్టంతో మాత్రమే దించుతారు. బయటి రింగు మీద సుత్తి పడితే కొత్త బేరింగు ఆ క్షణమే చెడిపోతుంది.

గేరు పళ్లు విరిగితేనే ఊరు దాటాలి. తెనాలి జంక్షన్, బాపట్ల మెయిన్‌లైన్ మీది ఊరు, రేపల్లె 1916లో వేసిన బ్రాంచి లైను కొస. గేరు కోయించడానికి మూడింటికీ విజయవాడ ఆటోనగర్ అందుబాటులోదే. పళ్ల లెక్క, బయటి వ్యాసం, పళ్ల వాలు ఎడమకా కుడికా అన్నది రాసుకుని, విరిగిన గేరును కూడా పట్టుకెళ్లాలి. అంతకంటే ముందు పాతసామాన్ల కొట్లలో చచ్చిన మిషన్లు వెతకడం మంచిది. ఒళ్లు పగిలిన డ్రిల్‌లో గేరు బాగుండొచ్చు.

ఇక అసలు పని ఆర్మేచర్ చుట్టడం. మేస్త్రి నైపుణ్యం సగం పాత తీగ విప్పడంలోనే ఉంది. ఈ ఆర్మేచర్‌కు 12 గాళ్లు, 24 రాగి రేకులు. గాడికి రెండు చొప్పున 24 కాయిళ్లు. ఒకటో గాడిలో మొదలైన కాయిల్ ఆరో గాడిలో దిగుతుంది. ఏ గాడి తీగ ఏ రేకుకు వెళ్లిందో షాఫ్టు మీద గీత గీసి బొమ్మ వేసుకుంటాడు. ఒక్క రేకు అటూ ఇటూ అయినా మిషన్ తిరుగుతుంది గానీ కార్బన్‌ల దగ్గర మంట ఆగదు. ఒక కాయిల్ చెడకుండా తీసి చుట్లు లెక్కపెడతాడు: 18. తీగ కొసకు అగ్గిపుల్ల చూపి, పై ఎనామిల్ తుడిచి మైక్రోమీటర్ పెడతాడు: 0.315 మిల్లీమీటర్లు. అంటే 30 గేజి. ఎనామిల్ తుడవకుండా కొలిస్తే ఒక గేజి లావు తీగ పడుతుంది, చివరి చుట్లు గాడిలో పట్టవు.

ఖాళీ గాళ్లలో లెదరాయిడ్ కాగితం పరుస్తాడు. పావు మిల్లీమీటరు మందం, గాడికి రెండు పక్కలా మూడేసి మిల్లీమీటర్లు బయటికి. తీగ ఇనుము అంచుకు తగలకుండా కాపాడేది ఈ కొంగులే. ఆర్మేచర్‌ను ఒళ్లో పెట్టుకుని చేత్తోనే చుడతాడు. 24 కాయిళ్లు, 18 చుట్లు, మొత్తం 432. బిగువు ఒకేలా ఉండాలి: వదులైతే వేగానికి తీగ ఊగి రాసుకుంటుంది, లాగితే ఎనామిల్ చిట్లుతుంది. గాడి నిండాక పైన సన్నని వెదురు పుల్లో ఫైబరు పట్టీయో దూర్చి మూస్తాడు. మంచి చేతికి రెండున్నర, మూడు గంటల పని. మధ్యలో లెక్క తప్పితే ఆ కాయిల్ మొదటికే వస్తుంది కాబట్టి, ఆ సమయంలో షాపులో ఎవరూ ఆయన్ని పలకరించరు.

కొసలు గీకి, రేకుల చీలికల్లో దూర్చి, టంకం పెడతాడు. అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం కలిసిన టంకం సుమారు 190 డిగ్రీలకు కరుగుతుంది. ఒక్క చుక్క ఎక్కువ పడి రెండు రేకుల్ని కలిపితే అక్కడికక్కడే షార్టు. రేకుల దగ్గరి కొసల మీద నూలుదారం గట్టిగా బిగిస్తాడు. నిమిషానికి వేల చుట్లు తిరిగే ఇనుము మీద దారం లేని తీగ నిలవదు.

తర్వాత వార్నిష్. కోస్తా గాలిలో కాగితం తేమ పీలుస్తుంది, అందుకని ముందు 100 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెడతారు. వేడి మీదే వార్నిష్‌లో ముంచి, బుడగలు ఆగేదాకా పది, పదిహేను నిమిషాలు ఉంచుతారు. కారిపోనిచ్చి 120, 130 డిగ్రీల ఓవెన్‌లో నాలుగు నుంచి ఆరు గంటలు కాలుస్తారు. ఓవెన్ లేని షాపులో రేకుడబ్బాలో 200 వాట్ల బల్బులు పెట్టి రాత్రంతా ఉంచుతారు. సముద్రం ఒడ్డున పనిచేసే మిషన్‌కు రెండోసారి ముంచడమే మేలని నా అభిప్రాయం.

మర్నాడు లేతు మీద కమ్యుటేటర్‌ను పదో వంతు మిల్లీమీటరు చొప్పున నున్నగా తీస్తారు. రేకుల మధ్య మైకాను పలచగా అరగదీసిన హాక్సా బ్లేడుతో అర మిల్లీమీటరు లోతుకు గీకుతారు. మైకా రాగి కంటే గట్టిది, అరగదు. పైకి లేచి నిలిస్తే కార్బన్‌ను ఎగరగొడుతుంది. రెండు కత్తి అంచుల మీద షాఫ్టు ఆనించి వదిలితే బరువు పక్క కిందికి దిగుతుంది. ఎదుటి పక్క ఎపాక్సీ ముద్ద పెట్టి సరిచేస్తారు.

బిగించాక మొదటి కరెంటు సిరీస్ ల్యాంపు మీదుగానే ఇస్తారు. తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో తీగకూ ఒంటికీ మధ్య ఇన్సులేషన్ చూస్తారు, ముల్లు మెగా ఓములు చూపాలి. చివరికి నేరుగా 230 వోల్టులు. కార్బన్ కింద చిన్న నీలి రవ్వలు కనిపించడం మామూలే. కమ్యుటేటర్ చుట్టూ మంట వలయం కడితే ఆపి, గీసుకున్న బొమ్మతో కొసల వరస మళ్లీ చూడాలి.

తీగ వంద నుంచి నూట యాభై గ్రాములు. ఎనామిల్ రాగి కిలో వెయ్యి దాటింది కాబట్టి తీగకు నూరో నూట యాభయ్యో, రెండు బేరింగులకు నూట యాభై, కార్బన్‌లు, లేతు, కూలి కలిపి మొత్తం వెయ్యి లోపు. నాలుగంగుళాల చేతి గ్రైండర్‌కు ఈ లెక్క కుదరదు, దాని రెడీమేడ్ ఆర్మేచర్ మూడు నాలుగు వందలకే దొరుకుతుంది. తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, రవిచంద్ర 2021లో సుమారు రెండు టన్నుల తుక్కుతో 14 అడుగుల ఇనుప విగ్రహం నిలబెట్టారు. అలాంటి వెల్డింగ్ పనికి ఆధారమైన చిన్న గ్రైండర్లకు పార్టు కొని మార్చడమే సరి. చుట్టించడం పెద్ద డ్రిల్లుకు, పాత బరువు మిషన్‌కు.

ఇంకో మాట. అల్యూమినియం ఒళ్లున్న డ్రిల్‌కు మూడు తీగల వైరు వేయించి, మూడోదైన ఎర్త్ తీగను ఒంటికి స్క్రూతో బిగించమని అడగండి. రెండు తీగలతో ఇస్తే ఎంత బాగా తిరిగినా తీసుకోకండి.