స్కానింగు కాగితమే తీర్పు కాదు

ప్రశ్న: పీసీఓడీ (అండాశయ తిత్తుల వ్యాధి) ఉన్నవారు రాగిసంగటి మానవలయునా? — మదనపల్లె

జవాబు: మానవలదు, ముద్ద చిన్నది చేసి, ఆకుకూరయు పప్పును పెంచి, దినమునకు అరగంట వడిగా నడువుడు.

ప్రశ్న: పీసీఓడీ ఉన్న మా కోడలికి నాలుగేండ్లుగా సంతానము లేదు. మందులంగడిలో అడిగి మెట్‌ఫార్మిన్ వాడుచున్నాము. చాలునా? — పుంగనూరు

జవాబు: చాలదు. అండము విడుదలగుటకు నేడు మొదట నిచ్చునది లెట్రోజోల్ మాత్ర. దానిని వైద్యురాలి కనుసన్నలలోనే వాడవలయును. స్థూలకాయమున్నచో 80 కిలోల బరువులో 4 కిలోలు తగ్గినను మేలు కనబడును. మీ కుమారునకు వీర్యపరీక్ష చేయించితిరా? చేయింపనిచో ముందు ఆ పని చేయుడు.

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేండ్లు, పెద్దమనిషియై రెండేండ్లయినది. నెలసరి సరిగా రాదు. స్కానింగులో నీటిబుడగలున్నవనిరి. ఆపరేషను చేయింపవలయునా? పెండ్లి చేసిన సర్దుకొనునని బంధువుల మాట. — ఒక తల్లి, కుప్పం

జవాబు: అమ్మా, ఆ బుడగలు గడ్డలు కావు, పక్వము కాక నడుమ నిలిచిపోయిన అండపు తిత్తులు. 1935లో చికాగో వైద్యులు స్టైన్, లెవెంతాల్ ఏడుగురు స్త్రీలయందు ఈ పీసీఓడీ వ్యాధిని వర్ణించిననాడు అండాశయపు ముక్కను కోసి తీయుటయే చికిత్స. ఆ కాలము గడచినది.

నెలసరి క్రమము తప్పుట, పురుష హార్మోనుల ఆధిక్యముచే గడ్డముపై వెండ్రుకలు మొలచుట లేక రక్తపరీక్షలో ఆ ఆధిక్యము తేలుట, స్కానింగులో తిత్తులు కనబడుట అను మూడింటిలో, థైరాయిడ్ మొదలగు ఇతర కారణములు లేవని తేల్చుకొనిన పిమ్మట, రెండున్న యెడల వ్యాధి యనవలయునని 2003లో రాటర్‌డామ్‌లో కూడిన నిపుణులు నిర్ణయించిరి. అది పెద్దవారి మాట. రజస్వలయై ఎనిమిదేండ్లు నిండని బాలికల అండాశయములు సహజముగానే అట్లు కనిపించును గనుక, వారికి స్కానింగు ఆధారము కాదనియు, మొదటి రెండు లక్షణములును ఉండి తీరవలయుననియు 2023 నాటి అంతర్జాతీయ సూత్రములు ఘోషించుచున్నవి. పాత కొలతతోనే మన ఆంధ్రదేశపు రెసిడెన్షియల్ కళాశాల యొకదానిలో 460 మంది బాలికలను పరీక్షింపగా 42 మందికి ఈ వ్యాధి కలదని 2011లో ప్రకటించిరి. మీ బిడ్డ ఒంటరి కాదు.

గోడమీది కేలండరులో ముట్టైన తేదీకి అమ్మాయిచేతనే సున్న చుట్టింపుడు. 90 దినములు దాటినను రానిచో ఉపేక్షింపకుడు. గర్భాశయపు లోపొర దళసరెక్కును. మెడవెనుక నల్లబడి మందమైన చర్మమును మురికియని పీచుతో తోముచున్నారేమో చూడుడు. అది తోమిన పోదు, ఇన్సులిను సరిగా పనిచేయుట లేదనుటకు గుర్తు. అట్లున్నచో రక్తములో చక్కెర చూపింపుడు. మీ ఊరనే పి.ఇ.ఎస్. వైద్యకళాశాల ఆసుపత్రి యుండగా ఇందుకై బెంగుళూరు రైలెక్కనక్కరలేదు.

ఇక పెండ్లి మాట. పెండ్లి ఔషధము కాదు. హార్మోనుల లోపమును ఏ తాళిబొట్టును సరిచేయలేదు. పదహారేండ్ల పిల్లకు పెండ్లి నేరము కూడ. తల్లులారా, ఆ మాట ఇంట ఎవరెత్తినను బిడ్డ చెవిని పడకమునుపే ఆపుడు, ఆమెను చదువుకొననిండు.