స్కార్పియన్ ఫ్లై సర్వేకి వెళ్తున్నారా?

బ్రిటన్‌లో ఎకాలజీ చదివి వేసవి సీజన్‌కి కీటకాల సర్వే ఉద్యోగంలో చేరే మన పిల్లలకి స్కార్పియన్ ఫ్లై తొందరగానే ఎదురవుతుంది. మే నుంచి ఆగస్టు దాకా దీని కాలం. పొలాల కంచెల వెంట నెటిల్ మొక్కలూ బ్లాక్‌బెర్రీ పొదలూ గుబురుగా పెరిగిన నీడపట్టున వెతకండి. పెద్దగా ఎగరదు, ఓ ఆకు మీంచి లేచి పక్క ఆకు మీద వాలుతుంది. వల పట్టుకుని పరిగెత్తక్కర్లేదు.

ముందు ముఖం చూడండి. కిందికి పొడుగ్గా సాగిన ముక్కు, దాని చివర నోరు. మచ్చలున్న రెక్కలు నాలుగు. మామూలు ఈగలకి రెండే కాబట్టి సగం అనుమానం అక్కడే తీరిపోతుంది. మగదాని పొట్ట చివర ఎర్రగా ఉబ్బి, తేలు కొండిలా వీపు మీదికి వంగి ఉంటుంది. భయపడకండి, కుట్టదు. అవి జతకట్టే అవయవాలు. ఆడదానికి ఆ ఉబ్బు ఉండదు, పొట్ట చివరికి సన్నబడుతుంది.

సాలెగూళ్లనీ వదలొద్దు. చచ్చిన పురుగులే దీని ప్రధాన తిండి. సాలీడు పట్టినవాటినీ ఎత్తుకుపోతుంది.

అసలు చిక్కంతా జాతి పేరు దగ్గరే. పనోర్పా కమ్యూనిస్, జెర్మానికా, కాగ్నాటా అని పుస్తకాల్లో ప్రధానంగా మూడు కనిపిస్తాయి. రెక్కల మచ్చలు చూసి పేరు రాసేయాలనిపిస్తుంది. రాయకండి. ఒకే జాతిలోనూ మచ్చలు మారుతుంటాయి. స్కాట్లండ్‌లో కొన్ని జెర్మానికాలకి అవి దాదాపు ఉండవు. మగదాన్ని పారదర్శకమైన గొట్టంలోకి తీసుకుని, ఆ ఉబ్బుని అడుగువైపు నుంచి 10ఎక్స్ లెన్స్‌తో చూసి, గైడులోని బొమ్మలతో పోల్చండి. ఫోటో తీసి వదిలేయండి. ఆడది మాత్రమే దొరికితే ఫారంలో ‘పనోర్పా, ఆడ’ అని రాసి ఆగిపోండి. జాతి గడి ఖాళీగా ఉంటే మేనేజర్ ఏమంటారోనని కొత్తవాళ్లు జంకుతారు. కానీ రికార్డు సరిచూసే నిపుణులు అడిగేది ఆధారం. ఒక్క తప్పుడు పేరు బయటపడిందంటే మీ షీటు మొత్తాన్నీ అనుమానంగా చూస్తారు.

ఏది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారన్నది అక్కడికక్కడే రాసుకోండి. ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి. నెటిల్ మంట కాసేపట్లో తగ్గిపోతుంది, పిడుదులు కుడితే మాత్రం లైమ్ జబ్బు రావచ్చు. గదికి చేరగానే మోకాళ్ల వెనకా నడుం చుట్టూ వెతుక్కోండి.