వోట్లును స్థానములును

ప్రజాపరిపాలన మనగా నెక్కువమంది మాట చెల్లుట యని మనము చిన్నతరగతులనుండియు వినుచున్నాము. అయినను ఎక్కువమంది యెవరో తేల్చు విధమెట్టిది? తక్కువమంది మాట యేమగును? ఈ ప్రశ్నలకు మన ప్రాంతపు చరిత్రయే చక్కని యుదాహరణము నొసగుచున్నది. కావున కమ్యూనిస్టుపక్షము మన రాష్ట్రమున నెట్లు పెరిగి యెట్లు చిన్నదయ్యెనో యీ వ్యాసమున విచారింతము. ఆ పక్షమును పొగడుటగాని తెగడుటగాని మా యుద్దేశము కాదు. లెక్కను తెలిసికొనుటయే మా పని.

మన యాత్మకూరు 2022వ సంవత్సరమున నంద్యాల జిల్లాలో చేరినది. అంతకుముందు కర్నూలు జిల్లాలోనిది. ఆ కర్నూలే 1953 అక్టోబరు 1వ తేదీ మొదలు 1956 నవంబరు 1వ తేదీ వరకు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానిగా నుండెను. మనము చెప్పబోవు కథలో ముఖ్యభాగ మా కర్నూలు శాసనసభకు సంబంధించినదే.

1952వ సంవత్సరపు టెన్నికలలో, అప్పటి మద్రాసు రాష్ట్రమునందలి ఆంధ్రప్రాంతపు 140 స్థానములలో కమ్యూనిస్టులు 41 గెలుచుకొనిరి. మన పొరుగుననున్న అనంతపురమున తరిమెల నాగిరెడ్డిగారు నీలం సంజీవరెడ్డిగారిని ఓడించినది ఆ యెన్నికలందే. పిమ్మట ఆంధ్రరాష్ట్ర మేర్పడి టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి యైరి. 1954 నవంబరులో మద్యనిషేధ విషయమున వారి ప్రభుత్వము ఒక్క వోటు తేడాతో పడిపోయెను. అందువలన 1955 ఫిబ్రవరిలో మరల ఎన్నికలు జరిగెను.

ఆ యెన్నికలలో కమ్యూనిస్టులకు నూటికి 31 వోట్లు వచ్చెను. గెలిచిన స్థానములు మాత్రము 196లో 15. అనగా నూటికి 8 మాత్రమే! ప్రజలలో మూడవ పాలునకు దగ్గరగా నున్నవారు సభలో పన్నెండవ పాలైనను లేకపోయిరి. ఇట్లేల జరిగినది?

ఒక యూరిలో నూరుగురు వోటర్లు కలరనుకొందము. నలుగురు పోటీచేయగా వారికి వరుసగా 31, 28, 25, 16 వోట్లు వచ్చెననుకొందము. మొదటివాడు గెలుచును, అతనిని కోరనివారు 69 మంది యైనను అతడే ప్రతినిధి. మరల నెన్నిక వచ్చినపుడు తక్కిన ముగ్గురును ఏకమై యొక్కరిని నిలిపిరనుకొందము. మొదటివానికి మునుపటివలెనే 31 వోట్లు వచ్చినను అతడు ఓడిపోవును. అతని వోట్లు తగ్గలేదు, ఎదుటివారి వోట్లు కలిసినవి. 1955లో జరిగినది ఇంచుమించుగా ఇదియే. కాంగ్రెసు, రంగాగారి కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశం పంతులుగారి ప్రజాపార్టీ ఒక్క కూటమిగా నిలిచి 146 స్థానములు పొందెను.

వేరొక విధమున లెక్కించు దేశములును కలవు. అచ్చట వోట్ల పాలునుబట్టి పక్షములకు స్థానము లొసగుదురు. కాని యొక గడప నేర్పరతురు. ఐరోపాలోని హంగరీదేశమున 1989లో పాలకపక్షమగు కమ్యూనిస్టుపక్షము పేరు మార్చుకొని సోషలిస్టుపక్ష మయ్యెను. ఆ మార్పునకు సమ్మతింపనివారు ప్రత్యేకపక్షముగా నిలిచిరి. 1990 ఎన్నికలలో సభ ప్రవేశించుటకు పక్షపు జాబితాకు నూటికి 4 వోట్లు రావలసియుండగా వారికి 3.7 మాత్రమే వచ్చెను, స్థానమొక్కటియు దక్కలేదు. చెక్ దేశపు కమ్యూనిస్టుపక్షమును 2021లో నూటికి 5 అను గడపను దాటలేక సభకు వెలుపల నిలిచెను. మనకు 31 వచ్చినను సభ చిన్నదయ్యెను. వారికి గడప యడ్డమయ్యెను. లెక్కించు విధము ఏదైనను కొందరి మాట సభకు వెలుపల మిగులుచునే యున్నది.

అయినను నేర మెల్ల లెక్కపై మోపుట న్యాయము కాదు. 1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ యందలి 300 స్థానములలో కమ్యూనిస్టులకు 51 కలవు. 1964లో ఆ పక్షము రెండుగా చీలెను. చీలికకు దారితీసిన సమావేశములలో నొకటి మన తెనాలిలోనే జరిగెను. 1967 ఎన్నికలలో 287 స్థానములకుగాను ఒక శాఖకు 11, రెండవ శాఖకు 9 దక్కెను. ఎదుటివారి యైక్యము ఒకప్పుడు కొట్టిన దెబ్బను, తమ యనైక్యము మరియొకప్పుడు కొట్టెను. రాష్ట్రము విడిపోయిన పిమ్మట ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 2019, 2024 ఎన్నికలలో ఈ రెండు శాఖలలో నెవ్వరును గెలువలేదు.

విద్యార్థులారా! దీనివలన మనము గ్రహింపదగినది రెండు సంగతులు. స్థానముల సంఖ్యను చూచి ప్రజల సంఖ్య యింతే యని భ్రమపడరాదు. గెలిచినవాడు తనకు వోటు వేయనివారికి గూడ ప్రతినిధి యని మరువరాదు. సభలో తమవాడు లేని పేదరైతో కూలియో తన కష్టమును ఎవరితో చెప్పుకొనవలెను? ఈ ప్రశ్నకు గెలిచినవారే సమాధానము చెప్పవలెను. ఇకమీదట మీ తరగతిలో నాయకుని నెన్నుకొనునపుడు, గెలిచినవాని వోట్లతోపాటు ఓడినవారి వోట్లను గూడ నల్లబల్లపై వ్రాసి కూడి చూడుడు. ఈ పాఠము అప్పుడు పూర్తిగా బోధపడును.