మీ కొత్త కారు సముద్రంలో ఎక్కడుంది? షిప్ ట్రాకింగ్ యాప్‌ని సరిగ్గా చదవడం ఎలా

బిర్యానీ ఆర్డర్ పెడితే బైక్ ఎక్కడుందో మ్యాప్‌లో కనిపిస్తుంది. మరి కొత్త కారు వేరే దేశం నుంచి షిప్‌లో వస్తుంటే? అది కూడా చూడొచ్చు. మెరైన్‌ట్రాఫిక్, వెజల్‌ఫైండర్ లాంటి యాప్‌లలో కార్లు మోసే ఓడల్ని ఫ్రీగానే ఫాలో అవ్వొచ్చు. 2019 ఫిబ్రవరిలో గ్లోవిస్ కెప్టెన్ అనే షిప్ టెస్లా మోడల్ 3 కార్లతో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెల్జియంలోని జీబ్రుగ్గె పోర్టుకు వెళ్లింది. యూరప్‌లో కారు బుక్ చేసుకున్నవాళ్లు ఆ చుక్కని మ్యాప్‌లో ఫాలో అయ్యారు. ఇప్పుడు ఈవీ కొనేవాళ్లలో చాలామందికి ఇది అలవాటే.

కానీ ఒక విషయం ఉంది. డెలివరీ యాప్‌ని నమ్మినట్టు షిప్ యాప్‌ని నమ్మితే ఇబ్బంది పడతాం. ఎందుకంటే అదే స్క్రీన్ మీద మూడు రకాల సమాచారం కలిసిపోయి ఉంటుంది: మెషిన్ కొలిచింది, మనిషి టైప్ చేసింది, వెబ్‌సైట్ ఊహించింది. ఈ మూడింటినీ విడదీసి చదవడమే ఈ ఆర్టికల్‌లో మనం నేర్చుకునేది.

సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తుంది?

దీని వెనకున్న టెక్నాలజీ పేరు ఏఐఎస్, అంటే ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ సిస్టమ్. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 గ్రాస్ టన్నేజ్, అంతకంటే పెద్ద షిప్‌లన్నింటిలో ఇది ఉండి తీరాలని ఐక్యరాజ్యసమితికి చెందిన అంతర్జాతీయ సముద్రయాన సంస్థ రూల్ పెట్టింది. 2004 చివరికల్లా ఇది పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఉండటానికి తెచ్చిన సిస్టమ్ ఇది. కార్ల కోసం ఎదురుచూసే మన కోసం తెచ్చింది కాదు. మనం పక్కన నిలబడి ఆ మాటలు వింటున్నాం, అంతే.

ఆ మాటలు 161.975, 162.025 మెగాహెర్ట్జ్ అనే రెండు వీహెచ్‌ఎఫ్ ఛానెళ్లలో వెళ్తాయి. స్పీడ్ సెకనుకు 9,600 బిట్లు మాత్రమే. పాత డయల్-అప్ మోడెమ్ ఇంతకంటే ఫాస్ట్! ఎన్‌క్రిప్షన్ ఉండదు. ఒక్కో ఛానెల్‌లో నిమిషాన్ని 2,250 స్లాట్లుగా విడగొడతారు. సెంట్రల్ సర్వర్ లేకుండానే, పక్క ఓడలు ఏ స్లాట్ వాడుతున్నాయో విని, ప్రతి షిప్ తన స్లాట్‌ని తనే ఎంచుకుంటుంది. నెట్‌వర్కింగ్ సబ్జెక్టులో టీడీఎంఏ చదివినవాళ్లకి ఇది ప్రాక్టికల్ క్లాస్ లాంటిది.

తీరంలో ఉన్న యాంటెన్నాకి ఈ సిగ్నల్ సుమారు 40 నాటికల్ మైళ్ల వరకు, అంటే దాదాపు 75 కిలోమీటర్ల దాకా అందుతుంది. ఇలాంటి రిసీవర్లలో చాలావాటిని వాలంటీర్లే ఎస్‌డీఆర్ డాంగుల్, రాస్ప్‌బెర్రీ పై లాంటివాటితో పెట్టుకుని డేటాని సైట్లకి పంపిస్తుంటారు. నడిసముద్రంలో యాంటెన్నా పెట్టేవాళ్లు ఉండరు కదా! అక్కడ శాటిలైట్ మాత్రమే వినగలదు, ఆ డేటాకి సాధారణంగా డబ్బు కట్టాలి. కాబట్టి ఫ్రీ అకౌంట్‌లో "3 రోజుల క్రితం చివరి పొజిషన్" అని కనిపిస్తే కంగారు పడకండి. షిప్ మాట్లాడుతూనే ఉంది, వినేవాళ్లే దగ్గర్లో లేరు.

స్క్రీన్ మీద మూడు రకాల డేటా

మొదటిది, మెషిన్ కొలిచేది. అక్షాంశం, రేఖాంశం, స్పీడ్, వెళ్తున్న దిశ జీపీఎస్ నుంచి నేరుగా వస్తాయి. షిప్ కదులుతుంటే 2 నుంచి 10 సెకన్లకి ఒకసారి, లంగరు వేసి ఉంటే 3 నిమిషాలకి ఒకసారి వెళ్తాయి. మామూలుగా అన్నిటికంటే ఎక్కువ నమ్మాల్సింది వీటినే.

రెండోది, మనిషి టైప్ చేసేది. వెళ్లాల్సిన పోర్టు, చేరే టైమ్, ఓడ నీటిలో ఎంత లోతు మునిగి ఉందో చెప్పే డ్రాఫ్ట్, ఇవన్నీ సిబ్బంది చేత్తో ఎంటర్ చేస్తారు. పోర్టు పేరుకి 20 అక్షరాలే చోటు. అందుకే చాలాసార్లు చెన్నైకి 'ఐఎన్ఎంఏఏ' లాంటి ఐదక్షరాల కోడ్ కనిపిస్తుంది. మొదటి రెండు అక్షరాలు దేశం, మిగతా మూడు పోర్టు. "కట్టేసి ఉంది", "ప్రయాణంలో ఉంది" అనే స్టేటస్ కూడా మనిషి మార్చాల్సిందే. స్టేటస్‌లో "కట్టేసి ఉంది" అని ఉండి స్పీడ్ 16 నాట్స్ చూపిస్తే, స్పీడ్‌నే నమ్మండి. మార్చడం మర్చిపోయారని అర్థం.

మూడోది, సైట్ లెక్కగట్టేది. మ్యాప్ మీద గీసిన రూట్, సైట్ సొంతంగా చూపించే చేరే టైమ్ ఇందులోకి వస్తాయి. "వెహికల్స్ క్యారియర్" అనే లేబుల్ కూడా ఏఐఎస్ సిగ్నల్‌లో ఉండదు. అందులో "కార్గో షిప్" అని మాత్రమే ఉంటుంది. మిగతాది సైట్ తన డేటాబేస్ నుంచి తెచ్చి కలుపుతుంది.

సరైన షిప్‌నే చూస్తున్నారా?

ఓడల పేర్లు మారతాయి, ఒకే పేరు రెండు ఓడలకి ఉండొచ్చు. ఎంఎంఎస్ఐ అనే 9 అంకెల నంబర్‌లో మొదటి 3 అంకెలు దేశాన్ని చెప్తాయి, ఇండియాకి 419. జెండా మారితే ఈ నంబర్ కూడా మారుతుంది. పుట్టినప్పటి నుంచి తుక్కుకి వెళ్లేదాకా మారనిది 7 అంకెల ఐఎంఓ నంబర్ ఒక్కటే. వెతికేటప్పుడు దాన్నే వాడండి.

అందులో చిన్న చెక్ కూడా ఉంది. మొదటి ఆరు అంకెల్ని వరుసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే, వచ్చే మొత్తంలో చివరి అంకె ఏడో అంకెతో కలవాలి. 9074729 తీసుకోండి: 63 + 0 + 35 + 16 + 21 + 4 = 139. చివరి అంకె 9, సరిపోయింది. పైథాన్‌లో మూడు లైన్ల కోడ్.

నా కారు ఏ షిప్‌లో ఉంది?

ఇది ఏఐఎస్ చెప్పదు. ఓడ లోపల ఏముందో ఆ సిగ్నల్‌లో ఉండదు. మీ కారు 17 అక్షరాల విన్ నంబర్‌కి, షిప్ పేరుకి ఉన్న లింక్ డీలర్ దగ్గరో, షిప్పింగ్ కంపెనీ దగ్గరో ఉంటుంది. అడిగి తెలుసుకోవాల్సిందే. "ఈ వారం షాంఘైలో బయల్దేరింది, కాబట్టి ఇందులోనే ఉంటుంది" అనేది ఊహ మాత్రమే.

బీటెక్‌లో నా క్లాస్‌మేట్ ఒకడు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. ఈవీ బుక్ చేశాడు, షిప్ పేరు డీలర్ చెప్పాడు. ఒకరోజు మెసేజ్ పెట్టాడు: "ఒరేయ్, యాప్‌లో షిప్ 14న చేరుతుందని ఉంది. పాత కారు 15న అమ్మేయొచ్చా?" నేను స్క్రీన్‌షాట్ అడిగాను. అందులో పోర్టు కోడ్ బ్రిస్బేన్‌ది. ఏఐఎస్‌లో మామూలుగా పెట్టేది తర్వాతి పోర్టు మాత్రమే. ఆ షిప్ బ్రిస్బేన్‌లో కొన్ని కార్లు దింపి, పోర్ట్ కెంబ్లాలో ఆగి, ఆ తర్వాతే మెల్‌బోర్న్ వెళ్తుంది. పైగా ఆస్ట్రేలియాలో బయోసెక్యూరిటీ తనిఖీ గట్టిగా ఉంటుంది. 2023లో కార్లకి అంటుకున్న విత్తనాలు, మట్టి వల్ల పోర్టుల దగ్గర షిప్‌ల క్యూలే పెరిగిపోయాయి. "అమ్మకురా, ఆగు" అన్నాను. కారు వాడి చేతికొచ్చింది ఆ 14వ తేదీ తర్వాత మూడు వారాలకి. అప్పటిదాకా పాత కారులోనే ఆఫీసుకి వెళ్లాడు.

టైమ్ మీరే లెక్కేయండి

ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. కార్ క్యారియర్ 17 నాట్స్‌తో వెళ్తే రోజుకి 17 × 24 = 408 నాటికల్ మైళ్లు. షాంఘై నుంచి ఉత్తర యూరప్‌కి సూయజ్ మీదుగా సుమారు 10,500 నాటికల్ మైళ్లు, అంటే 26 రోజులు. ఆఫ్రికా చుట్టూ, కేప్ ఆఫ్ గుడ్ హోప్ మీదుగా వెళ్తే ఇంకో 3,300 మైళ్ల దాకా అదనం. ఎనిమిది రోజులు కలపాల్సిందే.

ఆఫ్రికా చుట్టూ ఎందుకు వెళ్తారు? 2023 నవంబర్ 19న ఎర్ర సముద్రంలో గెలాక్సీ లీడర్ అనే కార్ క్యారియర్‌ని హూతీలు హెలికాప్టర్‌లో దిగి హైజాక్ చేశారు. అది టర్కీ నుంచి మన గుజరాత్‌లోని పిపావావ్‌కి వస్తున్న ఓడ. ఆ తర్వాత వాణిజ్య నౌకల మీద దాడులు పెరగడంతో చాలా కంపెనీలు ఆ దారి వదిలేశాయి. గెలాక్సీ లీడర్‌లోని 25 మంది సిబ్బంది విడుదలైంది 2025 జనవరిలో. మనకి మ్యాప్‌లో చుక్కగా కనిపించేదాంట్లో మనుషులున్నారు, అది మర్చిపోకూడదు.

చుక్క మాయమైతే, అబద్ధం చెప్తే?

హైజాక్ టైమ్‌కి గెలాక్సీ లీడర్ ఏఐఎస్ ఆఫ్‌లో ఉందని వార్తలొచ్చాయి. ప్రమాదకరమైన చోట కెప్టెన్ దాన్ని ఆపేయొచ్చు, రూల్ అందుకు ఒప్పుకుంటుంది. ఇక జీపీఎస్‌నే ఎవరైనా మోసం చేస్తే పొజిషన్ కూడా తప్పే. 2017 జూన్‌లో నల్ల సముద్రంలో, నొవొరోసిస్క్ దగ్గర ఉన్న కనీసం 20 ఓడలు మ్యాప్‌లో ఒక ఎయిర్‌పోర్టులో ఉన్నట్టు కనిపించాయి! అందుకే ఒక్క చుక్కని కాకుండా గత కొన్ని గంటల ట్రాక్ చూడండి. గంటలో 200 కిలోమీటర్లు దూకితే అది షిప్ చేసిన పని కాదు.

చేరకుండా పోయేవీ ఉంటాయి. ఫెలిసిటీ ఏస్ 2022లో జర్మనీలోని ఎమ్డెన్ నుంచి అమెరికాకి దాదాపు 4,000 కార్లతో వెళ్తూ, ఫిబ్రవరి 16న అజోర్స్ దగ్గర మంటల్లో చిక్కుకుంది. 22 మంది సిబ్బందీ బయటపడ్డారు. ఓడ మాత్రం మార్చి 1న మునిగిపోయింది, పోర్షె, ఆడి, బెంట్లీ, లంబోర్గినీలతో సహా.

ఈ రోజే ట్రై చేయండి

యాప్ ఓపెన్ చేసి చెన్నై పక్కనున్న ఎన్నూరు కామరాజర్ పోర్టునో, పిపావావ్‌నో చూడండి. 2024 ఆగస్టులో మారుతి ఫ్రాంక్స్ కార్లు 1,600కి పైగా జపాన్‌కి బయల్దేరింది పిపావావ్ నుంచే. మన పెనుకొండలో తయారయ్యే కియా కార్లు కూడా ఇలా విదేశాలకి వెళ్తున్నవే. ఒక కార్ క్యారియర్‌ని ఎంచుకుని వారం పాటు ఈ నాలుగూ రాసుకోండి:

1. ఐఎంఓ నంబర్, అది చెక్‌లో పాసయ్యిందా?
2. చివరి పొజిషన్ ఎంతసేపటి క్రితంది?
3. చేరే టైమ్ ఏ పోర్టుకి? టైప్ చేసిందా, సైట్ లెక్కేసిందా?
4. మీ సొంత లెక్క ప్రకారం ఎప్పుడు చేరాలి?

వారం తర్వాత మీ లెక్కని, యాప్ చెప్పినదాన్ని, నిజంగా చేరిన టైమ్‌ని పక్కపక్కన పెట్టి చూడండి. నిజంగా మీ కారే వస్తుంటే ఇంకొక్క మాట: షిప్ పోర్టుకి చేరడం, కారు మీ చేతికి రావడం వేర్వేరు. పాత కారు అమ్మకం, ఇన్సూరెన్స్ మొదలయ్యే తేదీ, సెలవు పెట్టడం లాంటివి డీలర్ రాతపూర్వకంగా డెలివరీ డేట్ ఇచ్చాకే ఫిక్స్ చేసుకోండి. అప్పటిదాకా చుక్కని చూసి ఎంజాయ్ చేయండి.