పోత పిస్టను, ఫోర్జ్‌డ్ పిస్టను: టర్బో ఇంజను విప్పక ముందు వేసుకోవలసిన లెక్కలు

తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి ఇంజన్లతో పనియేమిటని విద్యార్థి మిత్రులు అడగవచ్చు. మా తండ్రిగారు లారీ ఇంజన్లకు బోరింగు చేసే షాపులో ముప్పై ఏళ్లు పనిచేశారు. ఆయనకు టిఫిను డబ్బా తీసుకొని వెళ్లే నెపంతో అక్కడ గడిపిన సాయంకాలాలు నా ఎం.ఏ. చదువుకంటె తక్కువేమీ కావు. ఇటీవల కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు తన సుబారు కారు ఇంజనును విప్పి, బలమైన భాగాలతో తిరిగి కట్టించదలచి, కొనవలసిన సామాను జాబితాను నాకు పంపాడు. "మాస్టారూ, నాన్నగారికి కూడా ఒకసారి చూపించండి" అని కోరాడు. ఫోర్జ్‌డ్ పిస్టన్లు, ఫోర్జ్‌డ్ కనెక్టింగు రాడ్లు, పెద్ద టర్బో, గట్టి స్టడ్డులు అన్నీ ఉన్నాయి. వెలలు కూడితే అతని రెండేళ్ల పొదుపు. నాన్నగారు కళ్లజోడు పెట్టుకొని అంతా విని, "పెట్రోలు ఏది పోస్తాడట?" అని ఒక్క ప్రశ్న వేశారు. జాబితాలో ఆ ఊసే లేదు. ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్నకు వివరణ అనుకోవచ్చు.

ముందు ఆ ఇంజను సంగతి. సుబారు వారి ఈజే 257 అనే ఈ ఇంజను అమెరికాలో 2004 నుండి 2021 వరకు వచ్చిన ఎస్‌టిఐ నమూనా కార్లలో ఉండేది. నాలుగు సిలిండర్లు రెండేసి చొప్పున ఎదురెదురుగా పడుకొని ఉంటాయి. సిలిండరు వ్యాసం 99.5 మి.మీ., పిస్టను ప్రయాణం 79 మి.మీ., మొత్తం పరిమాణం 2457 ఘన సెం.మీ., సంపీడన నిష్పత్తి 8.2. దిమ్మె అల్యూమినియంది, లోపలి లైనర్లు పోత ఇనుమువి. కర్మాగారం నుండి వచ్చేటప్పుడు దాని శక్తి దాదాపు 300 అశ్వశక్తులు. క్రాంకుషాఫ్టు మొదటినుండీ ఫోర్జ్ చేసినదే. పిస్టన్లు మాత్రం పోతవి. మావాడి కోరిక 400.

పోతకూ ఫోర్జింగుకూ గల భేదం మన కమ్మరి కొలిమిని చూసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చల్లార్చితే పోత. వేడిచేసిన గట్టి లోహాన్ని అచ్చుల నడుమ పెట్టి గొప్ప ఒత్తిడితో నొక్కి రూపం తెప్పిస్తే ఫోర్జింగు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో కరిగించిన ఉక్కు పర్షియా దాకా పోయి, అక్కడ సుత్తి దెబ్బలు తిన్న తరువాతనే కత్తి అయ్యేది. పోతలో సూక్ష్మమైన రంధ్రాలు మిగిలే అవకాశం ఉన్నది. ఒత్తిడికి గురైన లోహంలో అవి మూసుకొనిపోయి, రేణువులు రూపానికి అనుగుణంగా సర్దుకుంటాయి. అందుచేత పోత పిస్టను హద్దు మీరితే పెళుసుగా పగులుతుంది. ఫోర్జ్‌డ్ పిస్టను కొంత వంగి, కొంత అణగి, అప్పటికి విరుగుతుంది.

ఈ బలం ఎందుకు కావాలో అంకెలలో చూద్దాం. 99.5 మి.మీ. వ్యాసం గల పిస్టను పైభాగపు వైశాల్యం సుమారు 77.8 చదరపు సెం.మీ. మంట రేగినప్పుడు లోపలి ఒత్తిడి 100 బార్లకు చేరిందనుకుంటే, ఆ క్షణంలో పిస్టను నెత్తిన దాదాపు ఎనిమిది టన్నుల భారం పడుతుంది. నిమిషానికి 7000 చుట్ల వద్ద, పిస్టను పైకొసకు వచ్చి వెనుదిరిగేటప్పుడు దాని త్వరణం గురుత్వాకర్షణకు సుమారు 2800 రెట్లు. కనెక్టింగు రాడ్డును మంట క్రిందికి నొక్కుతుంది. ఈ వెనుదిరుగుడు పైకి లాగుతుంది. రాడ్డు బోల్టులను తెంపేది ఎక్కువగా ఈ రెండవదే. కాబట్టి ఎక్కువ టర్బో ఒత్తిడి ఒక రకం పరీక్ష, ఎక్కువ చుట్లు మరొక రకం పరీక్ష. ఇంజను దేనికి కడుతున్నామో తేల్చుకోకుండా రాడ్డు ఎన్నుకోవడం పెళ్లికొడుకును చూడకుండా షేర్వాణీ కుట్టించడం వంటిది.

ఇంతవరకు ఫోర్జింగును పొగిడాము. అది చేయలేని పని ఒకటి ఉన్నది. మంట స్పార్కు ప్లగ్గు వద్ద మొదలై వరుసగా వ్యాపించాలి. ఆ మంట చేరకముందే మూలనున్న మిశ్రమం వేడికి, ఒత్తిడికి తట్టుకోలేక తనంతట తాను భగ్గుమంటే దానిని నాకింగు అంటారు. ఒత్తిడి తరంగాలు సిలిండరులో అటూయిటూ కొట్టుకొని, పిస్టను రింగుల గాడుల మధ్యనున్న పలుచని గట్లను పగులగొడతాయి. ఫోర్జ్‌డ్ పిస్టను ఈ దెబ్బలను మరికొన్ని ఎక్కువ ఓర్చుకుంటుంది, అంతే. నాకింగు కొనసాగితే అదీ కరుగుతుంది, బేరింగులూ నలుగుతాయి. భాగాలు బలమైనవి గదా అని ఒత్తిడి పెంచుతూ పోయినవారు తరచు ఇక్కడే మోసపోతారు.

నాకింగుకు మూలం వేడి. టర్బో ఆ వేడిని ఎలా తెస్తుందో చూడండి. గాలి 27 డిగ్రీల వద్ద లోపలికి వస్తున్నది. టర్బో దాని ఒత్తిడిని వాతావరణానికి రెండింతలు చేసింది. మెకానిక్కుల మాటలో ఒక బారు బూస్టు. కంప్రెసరు సామర్థ్యం నూటికి 70 అయితే గాలి దాదాపు 121 డిగ్రీలకు వేడెక్కుతుంది. వేడి గాలి పలుచన గనుక ఒత్తిడి రెండింతలైనా సాంద్రత ఒకటిన్నర రెట్లే పెరిగింది. ఇంటర్‌కూలరు దానిని 50 డిగ్రీలకు దించగలిగితే సాంద్రత సుమారు 1.86 రెట్లకు చేరుతుంది, నాకింగు భయమూ తగ్గుతుంది. మావాడి జాబితాలో పిస్టన్లకు కేటాయించిన సొమ్ములో సగమైనా ఇంటర్‌కూలరుకు లేదు.

ఈ చిక్కు టర్బో కార్లతోపాటే పుట్టింది. 1962లో ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ జెట్‌ఫైర్ అనే కారును టర్బోతో విడుదల చేసింది. సంపీడన నిష్పత్తి 10.25, టర్బో ఇంజనుకు అది మిక్కిలి ఎక్కువ. నాకింగును ఆపడానికి నీరు, మిథనాలు కలిపిన ద్రవాన్ని ఒక ప్రత్యేకపు తొట్టిలో పోయవలసి వచ్చేది. కొన్నవారిలో చాలామంది ఆ తొట్టిని నింపడం మరిచారు. 1963 తరువాత ఆ కారు తయారు కాలేదు. నడిపేవాడు ప్రతిదినం ఏది పోస్తాడన్నది గీసిన బొమ్మలో లేకపోతే ఎంత పెద్ద కంపెనీకైనా ఇంతే.

ఇక పెట్రోలు. కాలిఫోర్నియా బంకులలో దొరికే మేలురకం మీద సాధారణంగా 91 అని ఉంటుంది. అది రిసెర్చి, మోటారు అనే రెండు పద్ధతుల ఆక్టేను సంఖ్యల సగటు. మన దేశంలో చెప్పేది రిసెర్చి సంఖ్య ఒక్కటే. ఆ లెక్కన వారి 91 ఇంచుమించు 95, 96 అవుతుంది. ఈ భేదం తెలియక ఒక దేశపు సలహాను మరొక దేశపు ఇంజనుకు వర్తింపజేసేవారున్నారు. రెండవ మార్గం ఈ85. పేరులో 85 ఉన్నా, అమెరికాలో అమ్మే ఈ ఇంధనంలో ఎథనాలు ఋతువునుబట్టి 51 నుండి 83 శాతం వరకు మారుతుంది. నాకింగును బాగా ఓర్చుకుంటుంది, ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది. కాని అదే పనికి మూడోవంతుకు పైగా ఎక్కువ కావాలి.

దీనితో ఇంజెక్టర్ల లెక్క మారిపోతుంది. టర్బో ఇంజను పూర్తి భారం మీద ఒక్కొక్క అశ్వశక్తికి గంటకు సుమారు 270 గ్రాముల పెట్రోలు తాగుతుందనుకుందాం. 400 అశ్వశక్తులకు 108 కిలోలు, ఒక్కొక్క సిలిండరుకు 27. ఇంజెక్టరును నూటికి 80 వంతులకు మించి తెరిచి ఉంచరాదు గనుక 34 కిలోల పాటి సత్తువ గలది కావాలి. అంటే నిమిషానికి 760 ఘన సెం.మీ. ఈ85 అయితే అది 1000 దాటుతుంది. పంపు, గొట్టాలు కూడా దానికి తగినట్లు ఉండాలి. ఈ లెక్క తేలిన తరువాతనే టర్బో పరిమాణం, సంపీడన నిష్పత్తి, ఆ నిష్పత్తికి తగిన పిస్టను పైభాగపు ఆకారం తేలుతాయి. అంటే మావాడు మొదట వ్రాసినది నిజానికి చివర వ్రాయవలసినది.

ఫోర్జ్‌డ్ పిస్టన్లలోనూ రెండు ముఖ్యమైన మిశ్రలోహాలున్నాయి. 4032 అనే దానిలో సిలికాను సుమారు 12 శాతం. వేడికి తక్కువ వ్యాకోచిస్తుంది, లైనరుకు దగ్గరగా బిగించవచ్చు, రోజువారీ వాడుకకు నెమ్మదైనది. 2618 అనే దానిలో సిలికాను నామమాత్రం. ఎక్కువ దెబ్బలు ఓరుస్తుంది గాని ఎక్కువ వ్యాకోచిస్తుంది. అందుచేత ఎక్కువ సందు విడువవలసి, ఉదయం చల్లని ఇంజనులో టకటకమని చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు విని భయపడి నిద్ర చెడగొట్టుకొనేవారు ముందే 4032 తీసుకోవడం మంచిది. పందెపు మైదానం, ఎక్కువ బూస్టు అనేవారికి 2618 తప్పదు.

సందుల విషయంలోనే బోరింగు షాపు పనితనం బయటపడుతుంది. సిలిండరు హెడ్డు బిగిస్తే లైనరు కొద్దిగా వంకరపోతుంది. అందుకని హెడ్డుకు బదులుగా టార్కు ప్లేటు అనే మందపాటి పలకను అదే బిగువుతో బిగించి, ఆ వంకర ఉండగానే హోనింగు చేయాలి. పిస్టన్లను ముందుగా తెప్పించి, ఒక్కొక్కదానిని మైక్రోమీటరుతో కొలిచి, దేని బోరు దానికి తగినట్లు తీయాలి. పై రింగు కొసల మధ్య సందు మరీ ముఖ్యం. టర్బో ఇంజనుకు వ్యాసంలో ప్రతి అంగుళానికి 0.0055 అంగుళం అనే వాడుక లెక్క ప్రకారం ఈ సిలిండరుకు దాదాపు 0.55 మి.మీ. వస్తుంది; తుదిమాట పిస్టను తయారీదారు కాగితానిదే. సందు తక్కువైతే వేడికి పెరిగిన రింగు కొసలు ఒకదానినొకటి పొడుచుకొని, రింగు ఇరుక్కొని, గట్టును పీకివేస్తుంది. వేల రూపాయల పిస్టను అరమిల్లీమీటరు సందు వద్ద ఓడిపోతుంది. నాన్నగారు రింగును బోరులోకి దించి ఫీలరు గేజి పెట్టేటప్పుడు మమ్మల్ని మాట్లాడనిచ్చేవారు కాదు.

రాడ్డు బోల్టులను బిగువునుబట్టి కాక అవి ఎంత సాగాయో కొలిచి బిగించడం మేలు. నూనె పంపు, నూనె పీల్చే గొట్టం, గేస్కట్లు, క్లచ్చి వంటివి చిన్నవిగా కనిపించినా ఖర్చులో చేర్చుకోవాలి. కాలిఫోర్నియాలో చాలా కార్లకు రెండేళ్లకొకసారి పొగ తనిఖీ ఉన్నది. ఆ రాష్ట్రపు గాలి వనరుల మండలి అనుమతి సంఖ్య లేని టర్బో పెట్టిన కారు రోడ్డు మీద నిలువదు. ఇది కూడా విప్పకముందు ఆలోచించవలసినదే.

మావాడు జాబితాను తిరగవ్రాశాడు. లక్ష్యం 400 నుండి 370కి దిగింది, బంకు పెట్రోలే ఖాయమయింది, పెద్ద టర్బో కొట్టివేసి ఇంటర్‌కూలరు చేర్చాడు, పిస్టన్లు 4032వి. ఇంజను ప్రస్తుతం షాపులోనే ఉన్నది. మొన్న నాలుగు బోర్ల కొలతల కాగితం పంపాడు. మూడింటిలో పైన, నడుమ, క్రింద 99.75 మి.మీ. సరిగా ఉన్నది. నాలుగవదానిలో క్రిందిభాగం ఒక శతాంశం మి.మీ. తక్కువ. నాన్నగారు కాగితం నా చేతికిచ్చి, దానిని ఇంకొకసారి హోనింగుకు పంపమని వ్రాయించారు.