మెదడు గడ్డ: ఒక జంక్షన్ డాక్టరు అనుభవ పాఠాలు

హనుమాన్ జంక్షన్‌లో ప్రాక్టీసు చేసినన్నాళ్లూ నూజివీడు, గుడివాడ వైపు పల్లెల నుంచి వచ్చిన మెదడు గడ్డ రోగులను విజయవాడ పంపేవాణ్ణి. తర్వాత ఇంటివాళ్లు వచ్చి అడిగేది ఒకటే: "ఆపరేషనైంది, కరెంటు (రేడియేషన్) పెట్టారు, బిళ్లలు వాడాం. మళ్లీ ఎట్లా వచ్చిందండీ?" జవాబులో చాలా భాగం రక్తనాళాల్లో ఉంది.

1. మెదడు నాళాల గోడ కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. చాలా మందులను దాటనివ్వవు, దాటబోయినవాటిని తిరిగి రక్తంలోకి నెట్టేస్తాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం లెడర్లీ మందుల కంపెనీలో పనిచేసిన కాలంలో వచ్చిన మెథోట్రెక్సేట్ మందు కూడా మామూలు మోతాదులో మెదడుకు చాలినంత చేరదు. అందుకే లుకేమియా పిల్లలకు దాన్ని వెన్నులోకి ఎక్కిస్తారు.

2. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు గడ్డ మధ్యలో నాళాలు కారతాయి, అంచుల్లో బిగుతుగానే ఉంటాయి. కత్తికి అందని కణాలు మిగిలేది ఆ అంచుల్లోనే. గడ్డను మళ్లీ మొలిపించే మూలకణాలు నాళాలను ఆనుకునే బతుకుతాయి. కొన్ని నాళ కణాలు తామే స్వభావం మార్చుకుని టెమొజొలొమైడ్ మందును తట్టుకుంటాయని 2020లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు.

3. డెక్సామెథాసోన్ అనే వాపు మందుతో తేలికపడితే గడ్డ కరిగిందనుకోకండి. కుడిచేత్తో అన్నం కలుపుకోలేని రైతు ఒకరు ఆ మందు మొదలుపెట్టిన మూడోరోజు పప్పన్నం తనే కలుపుకుని తిన్నారు. ఇంట్లో పండగైంది. ఆపరేషన్ వద్దనుకున్నారు. నిజానికి తగ్గింది వాపు. ఊటెక్కిన కాలువ గట్టులా కారుతున్న నాళాలు కాస్త బిగిశాయి, గడ్డ ఎక్కడిదక్కడే ఉంది. నెల తిరక్కుండా చెయ్యి మళ్లీ పడిపోయింది. ఆపరేషన్‌కు అప్పటికి ఆలస్యమైంది. ఆ మందును ఉన్నట్టుండి మానేయడమూ ప్రమాదమే.

4. కొత్త నాళాలు పుట్టకుండా ఆపే బెవాసిజుమాబ్ మీద ఎంతో ఆశ పెట్టుకున్నాం. కొత్తగా బయటపడ్డ గ్లియోబ్లాస్టోమాలో దాన్ని కలిపి ఇచ్చినా మొత్తం ఆయుష్షు పెరగలేదని 2014లో రెండు పెద్ద పరిశోధనలు తేల్చాయి. ఆ మందుతో నాళాలు కారడం తగ్గితే, గడ్డ ఉన్నా స్కాన్ బాగుపడినట్టు కనిపిస్తుంది. వాపు తగ్గించడానికి అది పనికొస్తుంది, నేను కాదనను.

5. 2005 నాటి పరిశోధనలో కరెంటుకు టెమొజొలొమైడ్ తోడైతే మధ్యస్థ (మీడియన్) ఆయుష్షు 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగింది. లాభం చిన్నదే అయినా నిజమైనది. కోర్సు మధ్యలో మానకండి.

ఖరీదైన మందు రాసినప్పుడు పొలం బేరం పెట్టేముందు డాక్టరుగారిని నేరుగా అడగండి: "ఇది ఆయుష్షు పెంచడానికా, వాపు తగ్గించడానికా?" అడగడం మీ హక్కు.